ఎంగిలి ఫోను

బిళ్ళ వేసి మాట్లాడే పాత వీధి ఫోను ఉంది చూశారూ, దాని నోటి దగ్గరి మూత విప్పి లోపలికి ఒక్కసారి చూసినవాడెవడూ దాన్ని తన ఇంటి గోడకి తగిలించుకోడు. సబ్బు చూశాడు. బతుకులో సగం అదే చూశాడు. ఆ చిల్లుల మూత కింద ఊరందరి తుంపరలూ ఏళ్ళ తరబడి పడి, ఎండి, మళ్ళీ తడిసి, జిగటగా ఒక నల్లటి పొర కట్టి ఉంటాయి. పాచినోళ్ళ కంపు, సిగరెట్టు కంపు, ఏడ్చి ముక్కు చీదిన కంపు, అన్నీ కలిసి చివరికి ఒకటే కంపు. అది వేలికి అంటిందంటే ఎంత కడిగినా అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి పలకరిస్తుంది.

అందుకే అతను ఎప్పుడు చూసినా చేతులు కడుగుతూ ఉంటాడు. అందుకే అతనికి సబ్బు అని పేరు. టెలిఫోను కాంట్రాక్టరు దగ్గర వీధి ఫోన్లు తుడిచే పనిలో చేరినప్పుడు తోటివాళ్ళు పెట్టారు. అసలు పేరుతో పిలిచేది ఇంట్లో అక్క ఒక్కతే, అదీ ఒళ్ళు మండినప్పుడు.

వీధుల్లో ఫోన్లన్నీ పీకి పారేశాక ఆ పని పోయింది. ఇప్పుడు ఆ పారేసిన ఫోన్లే మళ్ళీ అన్నం పెడుతున్నాయి. సబ్బు తోడల్లుడు, అంటే అతని భార్య అక్కగారి మొగుడు, పాత సామాన్ల వ్యాపారి. మూతపడిన హాస్టళ్ళలో, ఆసుపత్రి నేలమాళిగల్లో, స్టేషను వెనక తుక్కు గదుల్లో ఎక్కడ పాత ఫోనున్నా వాసన పట్టి పోతాడు. తూకానికి కొంటాడు, ముద్దుకి అమ్ముతాడు. ఊరి చివర రేకుల షెడ్డులో వాటిని విప్పి, కడిగి, బిగించే పని సబ్బుది.

కొనేవాళ్ళని చూస్తే సబ్బుకి ఇంకోసారి చేతులు కడుక్కోవాలనిపించేది. ఒకావిడ వంటగదిలో పెట్టించుకుంది. ఒక డాక్టరు మెట్ల కింద పెట్టించుకున్నాడు. అందరిదీ ఒకటే కోరిక: మురికి కనపడాలి, వాసన రాకూడదు. గీతలుండాలి, ఎవరో కాల్చిన సిగరెట్టు మచ్చలుండాలి, ఎవరి పేర్లో చెక్కి ఉండాలి. వీధి ఫోను పనిచేసినన్నాళ్ళూ దాన్ని ముట్టుకోవాలంటే జేబురుమాలు తీసినవాళ్ళు, ఇప్పుడు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

"ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. వీళ్ళకి ముద్దేనయ్యా," అనేవాడు తోడల్లుడు పొట్ట నిమురుకుంటూ. "మనకేం? కాకులు చల్లగా ఉండాలి."

ఒక ఉదయం సబ్బు ముందుకి ఒక ఆకుపచ్చ ఫోను వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉండేది. చూడగానే గుర్తుపట్టాడు, ఎందుకంటే ఆ ఆకుపచ్చ రంగు వేసింది అతనే.

అప్పుడు అతనికి మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. అక్క బస్టాండు ఎదుటి పార్సిలు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునేది. అద్దాల గది. ఎవరు చేసినా "హలో… ఎవరండీ?" అని మెత్తగా అడిగేది. ఆ జీతంతోనే తమ్ముడి చదువు. ఎదుటి వీధి ఫోను నుంచి ఎవడో రోజూ చేసేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆమె ఎత్తడం అద్దంలోంచి చూసి, గొంతు విని, పెట్టేసేవాడు. విసిగి విసిగి ఒకరోజు ఆమె కుర్చీ తిప్పుకుని వీధికి వీపు పెట్టి కూర్చుంది. అంతే. ఆ మర్నాటి నుంచి ఊళ్ళో ఉన్న ప్రతి వీధి ఫోను మీదా ఆ ఆఫీసు నంబరు, దాని పక్కన "చిలక. అడిగితే వస్తుంది" అని రాత.

ఊరు అడిగింది. పొద్దస్తమానమూ అడిగింది. పార్సిళ్ళవాళ్ళకి లైను దొరక్కుండా అడిగింది. ఆఫీసు యజమాని పెద్దమనిషి, కేకలు కూడా వెయ్యలేదు. "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అని ఊరుకున్నాడు. ఆ నెలతో ఉద్యోగం పోయింది. దాంతోపాటే తమ్ముడి బడి పోయింది. తర్వాత అక్కకి వచ్చిన సంబంధాలు కూడా గుమ్మందాకా వచ్చి, ఎవరో చెవిలో ఏదో ఊదితే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాయి. ఇంట్లో దీని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. బయటివాళ్ళకి అసలే చెప్పలేదు. సబ్బు మాత్రం నేరుగా కాంట్రాక్టరు దగ్గరికి పోయి ఫోన్లు తుడిచే పని అడిగాడు. ఆ పని కోసం కాళ్ళు పట్టుకున్నవాడు ఊళ్ళో వాడొక్కడే అని కాంట్రాక్టరు నవ్వాడు. పెన్నుతో రాసినవి స్పిరిటుకి పోయాయి. బస్టాండు ఎదుటి ఫోను మీద మాత్రం ఆ రాసినవాడు ఏ కంపాసు మొనతోనో లోతుగా చెక్కాడు. ఎంత తుడిచినా పోదు. చివరికి సబ్బే దాని మీద ఆకుపచ్చ రంగు పూతమీద పూత పూశాడు.

ఎవరూ చూడకుండా కింది రాత గీకేద్దామని ఇప్పుడు రంగు వదిలించే మందు రాస్తే, ఆ పూత తోలులా ముడతలు పడి ఊడొచ్చింది. కింద అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చిలక తేలింది. ఆ పక్క మాటలూ తేలాయి.

సబ్బు చప్పున గుడ్డ కప్పాడు. అప్పటికే వెనక తోడల్లుడి నీడ పడింది.

"ఆగవయ్యా సబ్బూ! ఆ గుడ్డ తియ్యి. ఏంటది?"

"ఏం లేదన్నయ్యా, గీతలు. ఎమిరీ కాగితం వేస్తే పోతాయి."

"పోగొట్టావంటే నా పొట్ట కొట్టినట్టే! చిలకంట… అబ్బో, అడిగితే వస్తుందంట! నువ్వు ఇన్నాళ్ళూ తోమినవన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు."

"ఎవరో ఆడమనిషిది అన్నయ్యా. పాపం తగుల్తుంది."

"ఏ కాలం నంబరయ్యా అది? అంత తక్కువ అంకెల నంబర్లు ఇప్పుడు లేనే లేవు. ఆ చిలక ఈపాటికి ముసలి గద్ద అయ్యుంటుంది. నీకెందుకు నొప్పి?" అంటూ సెల్లు తీసి ఫోటో కొట్టాడు. అది వెంటనే కొనేవాళ్ళ సెల్లులన్నిటికీ పోయి ఊరి మీద పడింది.

చెప్పేస్తే పోయేదే. కానీ తోడల్లుడికి చెప్పడమంటే చాటింపు వేయించడమే. సాయంత్రానికి అతని పెళ్ళానికి తెలుస్తుంది, పొద్దుటికి అత్తవారిల్లంతా తెలుస్తుంది, పై వారం అక్క వీధిలోకొస్తే కుట్టుపనికి గుడ్డ ఇచ్చే ఆడవాళ్ళు కూడా అదోలా చూస్తారు. రేపు తోడల్లుడు బయటికి పోయినప్పుడు గీకి పారేద్దాం, మందు ఎక్కువై తినేసిందని చెబుదాం అనుకున్నాడు సబ్బు. ఆ నంబరు ఎవడి గోడా ఎక్కకూడదు. అతనికి కావలసింది అదొక్కటే.

మర్నాడు అతను ఎమిరీ కాగితం చేతిలోకి తీసుకునే లోపలే షెడ్డు ముందు పెద్ద కారు ఆగింది. దిగినవాడు టైల్సు వ్యాపారి. తెల్ల బూట్లు, తల మీద బూట్ల పాలిషంత నల్లటి రంగు. ఎవర్నీ పలకరించకుండా సరాసరి ఆ ఫోను దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని, చెక్కిన అంకెల మీద గోటితో మెల్లగా గీసుకుంటూ పోయాడు.

"ఇదే. ఎన్ని షెడ్లు తిరిగానో దీని కోసం! ఇది నా చేతిరాతండీ," అన్నాడు.

సబ్బు చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

"మీదా సార్!" తోడల్లుడి మొహం దీపంలా వెలిగింది. "అయితే లవ్వు సంగతన్నమాట!"

"లవ్వంటే లవ్వే మరి. ఎదురుగా అద్దాల గదిలో ఉండేది. ఇక్కణ్ణుంచి చేస్తే అక్కడ ఎత్తేది. 'హలో… ఎవరండీ?' అనేది. ఏం గొంతండీ బాబూ! నేను మాట్లాడేవాణ్ణి కాదు. విని పెట్టేసేవాణ్ణి. ఇప్పటి కుర్రాళ్ళకి అలాంటి ప్రేమ తెలీదు."

"మరి ఈ రాతేంటండీ?" సబ్బు అడిగాడు. 

వ్యాపారి నవ్వాడు. "ఒకరోజు కుర్చీ అటు తిప్పేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. కుర్రతనం కదా, కనపడ్డ ఫోను మీదల్లా రాసిపారేశాను. పాపం, ఆ వారం ఎన్ని ఫోన్లు వచ్చుంటాయో పిచ్చిదానికి!"

తోడల్లుడు పగలబడి నవ్వాడు. పిల్లికి చెలగాటం. వ్యాపారి నవ్వుతూనే రిసీవరు తీసి, కళ్ళు మూసుకుని, ఆ చిల్లుల మూతకి పెదాలు ఆనించాడు. ముద్దే పెట్టుకున్నాడు. సబ్బు ఇంకా ఆ మూత విప్పలేదు. కడగలేదు. ఊరి ఎంగిలంతా దాని వెనకే ఉంది. చెప్పబోయి ఆగిపోయాడు. ఆ రోజు మొత్తంలో అతనికి కలిసొచ్చింది ఏదైనా ఉంటే అదొక్కటే.

"ఈ ఆదివారం మధ్యాహ్నం స్నేహితుల్ని పిలిచాను. హాల్లో గోడకి పెట్టాలి. ఎత్తగానే ఆడగొంతు రావాలి. 'హలో… ఎవరండీ?' అంతే. మెత్తగా ఉండాలి," అన్నాడు వ్యాపారి పెదాలు తడుపుకుంటూ.

"అదెంత పని సార్! లోపల చిన్న చిప్పు పెడతాం, అదే మాట్లాడుతుంది." తోడల్లుడు సబ్బు భుజం తట్టాడు. "మా వాడి అక్కగారిది కోకిల గొంతు. ఆవిడ చేత అనిపిస్తాం. ఏమయ్యా?"

సబ్బు పంపు దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క ముందుగదిలో మిషను మీద జాకెట్టు చేతులు అతుకుతోంది. పక్కన స్టూలు మీద సెల్లు స్పీకరులో ఉంది. ఎవరో గిరాకీ కొలతలు చెబుతుంటే దూరంనుంచే ఊఁ కొడుతోంది. అక్క ఏ ఫోనూ చెవికి ఆనించదు. ఆ పార్సిలు ఆఫీసు తర్వాత ఎప్పుడూ ఆనించలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగరు.

సబ్బు నిలబడే అంతా చెప్పేశాడు. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి, అక్క వింది.

"అయితే బతికే ఉన్నాడన్నమాట," అంది.

"నిక్షేపంలా ఉన్నాడు."

"లావయ్యాడా?"

"పొట్టుంది."

"జుట్టు?"

"రంగేశాడు. పందికి పౌడరేసినట్టుంది."

అక్క కిసుక్కున నవ్వింది. వంటగదిలోంచి సబ్బు భార్య తొంగి చూసింది. "ఏంటి వదినా, ఇద్దరూ నాకు చెప్పకుండా నవ్వుకుంటున్నారు?"

"మీ బావగారికి నా గొంతు కావాలటమ్మా. ఈ వయసులో గిరాకీ వచ్చింది నాకు."

"తీసుకోమనండి. కొంచెం నాక్కూడా విశ్రాంతి," అని ఆవిడ లోపలికెళ్ళింది. ఆవిడకీ ఏమీ తెలీదు.

సబ్బు గొంతు తగ్గించాడు. "గీకేస్తానక్కా. పని పోతే పోయింది. కూలికెళ్తాను."

"గీకితే ఏమవుద్ది? ఇంకోదాని మీద మళ్ళీ చెక్కించుకుంటాడు. చెయ్యి వాడిదేగా." అక్క దారం కొరికి సూది పక్కన పెట్టింది. "గొంతు కావాలన్నాడుగా. ఇద్దాం. ఆ సెల్లులో రికార్డు ఎక్కడ నొక్కాలో చూపించి నువ్వు బయటికి పో."

"ఏం చెబుతావు?"

"నీకు కాదు చెప్పేది. పో."

సబ్బు వెనక తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుగుతూ నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తే అక్క సెల్లుని రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది. మాటలు వినపడలేదు. చాలాసేపు పెదాలు కదులుతూనే ఉన్నాయి. తర్వాత అదేదో కాలినట్టు సెల్లుని స్టూలు మీద పడేసి, మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.

మర్నాడు సబ్బు అది చిప్పులోకి ఎక్కించి ఫోనులో పెట్టాడు. తను వినలేదు. తోడల్లుడు రిసీవరు ఎత్తాడు. "హలో… ఎవరండీ?" అంది ఫోను. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"అబ్బ! గుండె జారిపోయిందయ్యా," అని తోడల్లుడు పెట్టేశాడు. అతనికి ఓపిక తక్కువ. ఇంకొంచెంసేపు చెవి దగ్గర ఉంచుకుని ఉంటే వ్యవహారం అక్కడే తెగిపోయేది.

తీసుకెళ్ళే ముందు సబ్బు రిసీవరు చెవి వైపు భాగాన్ని విప్పి శుభ్రంగా కడిగాడు. నోటి వైపు భాగాన్ని ముట్టుకోలేదు.

ఆదివారం వ్యాపారి ఇంట్లో అడుగుపెడితే స్నానాలగదిలోకి వెళ్ళినట్టే ఉంది. నేలకి టైల్సు, గోడలకి టైల్సు, స్తంభాలకి కూడా టైల్సు. ఎక్కడ దగ్గినా ఇల్లంతా దగ్గుతుంది. సోఫాల నిండా స్నేహితులు, చేతుల్లో గ్లాసులు. వాళ్ళ మధ్య వ్యాపారి భార్య ప్లేట్లు అందిస్తోంది. సన్నటి మనిషి, మాట్లాడేవాళ్ళ మొహాల్లోకి చూసి వినే రకం. సబ్బు ఫోనుని గోడకి బిగించి, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని పక్కకి నిలబడ్డాడు. తోడల్లుడు గుమ్మం దగ్గర చేతులు కట్టుకున్నాడు.

వ్యాపారి మళ్ళీ ఆ కథంతా చెప్పాడు. ఈసారి బూర ఊదినట్టు ఇంకాస్త ఊదాడు. అద్దాల గదిలో అమ్మాయి ఈసారి తనని చూసి నవ్వేది కూడా. అంకెలు చూపించాడు. ఒక స్నేహితుడు "అడిగితే వస్తుందా?" అని గట్టిగా చదివాడు. సోఫాలు గొల్లుమన్నాయి. భార్య నవ్వలేదు. ప్లేటు కింద పెట్టి ఆ రాతనే చూస్తూ నిలబడింది.

"ఇప్పుడు వినండి," అని వ్యాపారి రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. పెదాలు ఆ చిల్లుల మూతకి తగులుతున్నాయి. ఆ ఫోన్లలో మాట పక్కవాడికి కూడా సగం వినపడుతుంది. టైల్సు గోడ పక్కన సబ్బుకి మొత్తం వినపడింది.

"హలో… ఎవరండీ?"

వ్యాపారి కళ్ళు అరమోడ్పులయ్యాయి. స్నేహితులకేసి కన్నుకొట్టాడు. కథని ఇంకొంచెం సాగదీద్దామని పెట్టెయ్యకుండా అలాగే పట్టుకున్నాడు.

"పెట్టెయ్యకు," అంది ఫోను. "ఎవరో నాకు తెలుసు. ఎర్రగళ్ళ చొక్కా, చంకలో పుస్తకం. అప్పుడూ తెలుసు. ఏదో ఒకరోజు నోరు విప్పుతావు, నాలుగు చీవాట్లు పెడదామని ఎత్తేదాన్ని. నువ్వు విప్పలేదు. నువ్వు రాశాక మిగిలినవాళ్ళు విప్పారు. ఎవడేం అడిగాడో ఒక్కటి కూడా మర్చిపోలేదు. చెబుతాను, విను. మొదటివాడు…"

టక్కున పెట్టేశాడు. అప్పుడూ అలాగే పెట్టేసేవాడు.

"ఏమైందండీ?" భార్య అడిగింది.

"ఏం లేదు. గరగరమంటోంది. చెత్త సరుకు అంటగట్టారు." మొహాన చెమట పట్టింది గానీ గొంతులో వ్యాపారం తగ్గలేదు.

"ఏదీ, నన్ను విననివ్వండి."

"నీకెందుకే? పాడైందన్నాగా."

"ఇంతమందికి చెప్పిన కథ నేను వినకూడదా?" అని ఆవిడ అతని చెయ్యి పక్కకి నెట్టి రిసీవరు అందుకుంది. మూత నోటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది. ఆ పట్టుకోవడం చూస్తే సబ్బుకి అక్క గుర్తొచ్చింది.

ఫోను మళ్ళీ మొదట్నించీ మొదలెట్టింది. ఆవిడ వింటూనే ఉంది. స్నేహితులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వ్యాపారి ఒకసారి దగ్గాడు, ఇల్లంతా దగ్గింది. సబ్బు అంత దగ్గర్లో ఉండి కూడా వినకూడదనుకున్నాడు. కానీ చెవులకి మూతలుండవు. మొదటివాడు అడిగింది విన్నాడు. రెండోవాడిది విన్నాడు. ఆఫీసు యజమాని స్నేహితుడిది, బడిలో తన లెక్కల మాస్టారిది కూడా విన్నాడు. ఆ గొంతు మారలేదు. పార్సిళ్ళు అప్పగించినట్టు ఒక్కోటీ అప్పగించింది.

ఆవిడ చివరిదాకా విని రిసీవరు తగిలించింది. బల్ల మీద కాగితం రుమాలు తీసి చెవి తుడుచుకుంది. ఇంకోటి తీసి మళ్ళీ తుడుచుకుంది.

"ఈ గొంతెవరిది?" అంది సబ్బుతో.

"మా అక్కదమ్మా," అన్నాడు సబ్బు. బయటివాళ్ళ ముందు ఆ మాట అనడం అతనికి అదే మొదలు. "ఆ నంబరు ఆవిడ కూర్చున్న ఆఫీసుది."

గుమ్మం దగ్గర తోడల్లుడి చేతులు వాటంతట అవే విడిపోయాయి.

వ్యాపారికి సిగ్గేసిందేమోనని సబ్బు చూశాడు. సిగ్గు కాదు, విసుగు. "ఎప్పటి సంగతండీ ఇదంతా! ఆ రోజుల్లో అందరూ రాసేవాళ్ళే. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు సోఫాలకేసి చూస్తూ. సోఫాల్లో ఒకడు తలాడించబోయి, ఆవిణ్ణి చూసి ఆగాడు.

"విప్పి పట్టుకుపోండి," అంది ఆవిడ. మొగుడి పెదాల మీద ఆ మూత తాలూకు నల్లటి మరక అంటుకుని ఉంది. ఆవిడ చూసింది. తుడుచుకోమని చెప్పలేదు. సబ్బూ చెప్పలేదు.

వ్యాను వీధి మలుపు తిరగగానే తోడల్లుడు మొదలెట్టాడు. "నా మొహాన ఉమ్మేయించావు కదయ్యా! ఒక్క ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఏం చేసేవాడివన్నయ్యా?"

తోడల్లుడు ఆలోచించాడు. ఎన్ని పాపాలున్నా మనిషి అబద్ధాలకోరు కాదు. "వీడు కాకపోతే ఇంకోణ్ణి చూసేవాణ్ణి," అన్నాడు. ఆ వెంటనే, "ఆ దరిద్రాన్ని నువ్వే పట్టుకుపో. నా షెడ్డులో వద్దు," అన్నాడు.

ఇంటి వెనక తొట్టి పక్కన సబ్బు ఫోనుని బోర్లా పడుకోబెట్టాడు. అక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసింది. ఎన్నాళ్ళకో చూసిన చుట్టాన్ని చూసినట్టు చూసింది, రావద్దనుకున్న చుట్టాన్ని.

"పూర్తిగా విన్నాడా?"

"లేదు. మొదటివాడి దగ్గరే పెట్టేశాడు. ఆవిడ వింది. మొత్తం."

అక్క మొహం ముడుచుకుపోయింది. "ఆవిడకి కాదురా నేను చెప్పింది," అంది. "పాపం, ఆవిడేం చేసింది? నా చెవిలోది తీసుకుపోయి ఆవిడ చెవిలో పోసినట్టయింది."

సబ్బు ఎమిరీ కాగితం తీసి చిలక మీద పెట్టి రుద్దడం మొదలెట్టాడు. అక్క చెంబుతో నీళ్ళు పోసింది. బూడిదరంగు బురద కారింది. మాటలు పోయాయి, తర్వాత అంకెలు ఒక్కొక్కటే పోయాయి. చెమటలు కారేదాకా రుద్ది, నీళ్ళు కుమ్మరించి, గుడ్డతో తుడిచి చూశారు.

రాత లేదు. కానీ అది ఉన్న చోట, మిగతా పెట్టంతా మకిలిగా ఉంటే, జానెడు మేర అద్దంలా తళతళలాడుతోంది. అక్కడ ఏదో ఉండేదని గుడ్డివాడు కూడా చెప్పగలడు.

"మిగతాది కూడా గీకు," అంది అక్క, చెంబు మళ్ళీ తొట్టిలో ముంచుతూ.